టెన్స్ ప్యాడ్లు పెడితే ఆ జివ్వుమనడం ఏంటి, కాసేపటికి ఎందుకు తెలియకుండా పోతోంది?

మోకాళ్ళ_పేచీ
అమ్మకి మోకాలి నొప్పికి టెన్స్ మెషిన్ (చర్మం మీద ప్యాడ్లు అంటించి చిన్న కరెంట్ పంపి నొప్పి తగ్గించేది) వాడమన్నారు. ఇంట్లోనే పెడుతున్నాం. ప్యాడ్లు అంటించి నాబ్ కొంచెం తిప్పగానే చీమలు పాకినట్టుంది అంటుంది. ఇంకొంచెం తిప్పితే జివ్వుమంటుంది. కాసేపు గడిచాక "ఏం తెలియట్లేదు, ఆగిపోయినట్టుంది చూడు" అంటుంది. చూస్తే మెషిన్ ఆన్‌లోనే ఉంటుంది. పెంచితే మళ్ళీ తెలుస్తుంది, మళ్ళీ పోతుంది. క్లినిక్‌లో అడిగితే "అలవాటు పడిపోతుందండీ" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఏది అలవాటు పడుతోంది? చర్మమా, నరమా, మెదడా?

రెండోది, అసలు ఆ జివ్వుమనడం ఏంటో నాకు అంతుపట్టడం లేదు. తాకినట్టు ఉండదు, వేడిగా ఉండదు, నొప్పీ కాదు. ఒంటికి మామూలుగా తెలిసే దేనిలాగానూ ఉండదు.

మూడోది, నా టెన్షన్ అంతా దీని గురించే. అమ్మకి షుగర్ ఉంది, అరికాళ్ళు మంటలంటుంది. మోకాలికి పనికొచ్చింది కదా అని పాదానికి కూడా అంటించాను. నాబ్ సగం దాటినా ఏమీ తెలియలేదంది. అవే ప్యాడ్లు నా ముంజేతికి పెట్టుకుంటే పావు వంతుకే వేళ్ళు ఎగిరాయి. మెషిన్ బాగానే ఉన్నట్టే కదా?

ఫిజియో_పిన్ని
మూడోదానికి ముందు చెప్తాను, అది ఆగేది కాదు. ఆ పాదం మీద ఇక పెట్టకండి. టెన్స్ పెట్టేటప్పుడు మా దగ్గర ఉండే అసలైన మీటర్ పేషెంట్ చెప్పే మాటే. "తెలుస్తోంది, బాగుంది, ఇక చాలు" అంటేనే చెయ్యి ఆపుతాం. స్పర్శ తగ్గిన చోట ఆ మాట రాదు. తెలియట్లేదని పెంచుకుంటూ పోతే, జెల్ ఎండిపోయి ప్యాడ్ అంచున ఒకే చోట కరెంట్ గుమిగూడినా ఆవిడకి చురుక్కుమనదు. చర్మం కమిలాక మీరు కంటితో చూసి తెలుసుకోవాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళ పాదానికి పుండు పడితే మానడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

డాక్టర్‌కి పాదాలు చూపించండి. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నటి నైలాన్ దారంతో అరికాలు మీద అక్కడక్కడ నొక్కి చూస్తారు, ట్యూనింగ్ ఫోర్క్ ఆనించి చూస్తారు. నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. మోకాలి దగ్గర స్పర్శ బాగుంటే అక్కడ మానేయక్కర్లేదు. పేస్‌మేకర్ లాంటిదేమీ లేదు కదా?

తీగ_లాగితే
సగం దాటిందా! ముందు వెళ్ళి ప్యాడ్ అంటించిన చోట చర్మం చూడు బ్రో. ఎర్రబడిందేమో.

మోకాళ్ళ_పేచీ
చూశాను, మచ్చ ఏమీ లేదు. పాదం మీద ఆపేశాను. పేస్‌మేకర్ లేదండీ. పాదాల పరీక్షకి తీసుకెళ్తాను. పిన్నిగారూ, చాలా థాంక్స్. మిగతా రెండూ కూడా ఎవరైనా చెప్పండి, నిజంగా తెలుసుకోవాలనుంది.

నరాల_నోట్‌బుక్
నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త పొడుగ్గా రాస్తాను.

వేలితో ఏదైనా తాకినప్పుడు ముందు కదిలేది చర్మంలోని రిసెప్టర్లు. ఒత్తిడికి ఒక రకం, వైబ్రేషన్‌కి ఒక రకం, వేడికి, చల్లదనానికి, గాయానికి వేరే వేరే కొసలు. ఒక్కోటీ తనకి సంబంధించిన దానికే స్పందించి, తన నరపు పోగులోకి సంకేతం పంపుతుంది. ప్యాడ్ నుంచి వచ్చే కరెంట్‌కి వీటితో పని లేదు. రిసెప్టర్‌ని పక్కన పెట్టి నేరుగా పోగునే లేపుతుంది. నెగటివ్ ప్యాడ్ కింద పోగు పొరకి లోపలా బయటా ఉన్న వోల్టేజ్ తేడా తగ్గుతుంది, సోడియం ఛానెళ్ళు తెరుచుకుంటాయి, సంకేతం బయల్దేరుతుంది.

ముందు ఏ పోగు లేస్తుంది? లావుది. స్పర్శని మోసే ఏ-బీటా పోగులు 6 నుంచి 12 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లావుంటాయి, చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది, సెకనుకి 35 నుంచి 75 మీటర్ల వేగం. చురుకైన నొప్పినీ చల్లదనాన్నీ మోసే ఏ-డెల్టా పోగులు 1 నుంచి 5 మైక్రాన్లు, వేగం 5 నుంచి 30 మీటర్లు. మంట పుట్టించే సీ పోగులకి మైలిన్ లేనే లేదు, ఒకటిన్నర మైక్రాన్ దాటవు, సెకనుకి ఒక మీటరు అటూఇటూ నడుస్తాయి. కాలి వేలికి దెబ్బ తగిలితే ముందు చురుక్కుమని, ఒక్క క్షణం ఆగి మంట మొదలయ్యేది ఈ వేగాల తేడా వల్లే.

లావు పోగుల్లో మైలిన్ తొడుగు మధ్య ఖాళీలు దూరం దూరంగా ఉంటాయి. ఒక ఖాళీకీ పక్క ఖాళీకీ మధ్య బయటి కరెంట్ ఎక్కువ వోల్టేజ్ తేడా తేగలుగుతుంది. అందుకే కొద్ది కరెంట్‌కే లేస్తాయి. నాబ్ మొదట్లో నొప్పి లేకపోవడానికి కారణం ఇదే. ఇంకా తిప్పితే ఏ-డెల్టా కలుస్తాయి, చురుకు మొదలవుతుంది. సీ పోగుల దాకా వెళ్ళేలోపే ఎవరైనా "ఆపు" అని అరుస్తారు.

మరి స్పర్శ పోగులే లేస్తే తాకినట్టు ఎందుకుండదు? నిజంగా తాకినప్పుడు ఒక్కో పోగు తన లెక్కన, తన సమయంలో సంకేతాలు పంపుతుంది. ప్యాడ్ కింద మాత్రం ఒత్తిడి పోగు, వైబ్రేషన్ పోగు, వెంట్రుక కుదురు పోగు అన్నీ ఒకే క్షణంలో లేస్తాయి. సంతలో ఎవరి మాట వాళ్ళు మాట్లాడుకోవడానికీ, సంత మొత్తం కలిసి ఒక్కసారి చప్పట్లు కొట్టడానికీ ఉన్నంత తేడా. అలాంటి సందేశం లోకంలోని ఏ వస్తువు తగిలినా మెదడుకి రాదు. ఆ జివ్వుమనడం అదే.

వోల్టు_వీరుడు
అంత దూరం వెళ్ళక్కర్లేదేమో. కరెంట్ పెంచితే నరంలో సిగ్నల్ పెద్దదవుతుంది, పెద్ద సిగ్నల్ వస్తే జివ్వుమంటుంది. యాంప్లిఫయర్ వాల్యూమ్ పెంచినట్టే. నేను రోజూ బోర్డుల మీద పనిచేసేవాణ్ణి, ఎంత కరెంట్‌కి ఎంత తెలుస్తుందో వేళ్ళకి బాగా తెలుసు.

నరాల_నోట్‌బుక్
@వోల్టు_వీరుడు, సిగ్నల్ పెద్దదవదండీ, ఇక్కడే విషయమంతా ఉంది. ఒక పోగు లేస్తే పూర్తిగా లేస్తుంది, లేకపోతే లేదు. కొంచెం లేవడం, ఎక్కువ లేవడం అంటూ ఉండదు. 1926లో ఎడ్గర్ ఏడ్రియన్, ఇంగ్వే జొట్టర్మన్ ఒక్కటే సెన్సరీ పోగు నుంచి సంకేతాలు రికార్డ్ చేశారు. కప్ప కండరానికి తక్కువ బరువు వేలాడదీసినా ఎక్కువ బరువు వేలాడదీసినా ఒక్కో సంకేతం ఎత్తు మారలేదు. సెకనుకి ఎన్ని వస్తున్నాయన్నదే మారింది. ఏడ్రియన్‌కి 1932లో నోబెల్ వచ్చింది.

కాబట్టి మెషిన్ మీద ఉన్న కంట్రోళ్ళు వేరే వేరే పనులు చేస్తాయి. మిల్లీ ఆంపియర్ల నాబ్ పెంచితే మరిన్ని పోగులు చేరతాయి. హెర్ట్జ్, అంటే సెకనుకి ఎన్ని పల్సులన్నది, పెంచితే ఒక్కో పోగు సెకనుకి ఎక్కువసార్లు లేస్తుంది. వాల్యూమ్ అన్నది అందులో లేదు.

తీగ_లాగితే
పల్స్ విడ్త్ అని ఇంకో బటన్ కూడా ఉంటుంది కదా? మా ఇంట్లో ఉన్న మెషిన్‌లో 50 నుంచి 250 మైక్రోసెకన్ల దాకా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, ఆ బటన్‌కి పాపం ఉద్యోగం లేదు.

ఫిజియో_పిన్ని
ఉద్యోగం ఉంది, చాలా పెద్దది. కరెంట్ ఎంతసేపు ప్రవహిస్తుందో దాన్ని బట్టి ఎంత కరెంట్ కావాలో మారుతుంది. పల్స్ పొడుగైతే తక్కువ కరెంట్ చాలు, పొట్టిదైతే ఎక్కువ కావాలి. కరెంట్‌ని ఒక స్థాయి కంటే తగ్గిస్తే ఎంతసేపు పెట్టినా నరం లేవదు, ఆ స్థాయిని రియోబేస్ అంటారు. దానికి రెట్టింపు కరెంట్ ఇచ్చినప్పుడు నరం లేవడానికి పట్టే సమయం క్రోనాక్సీ. లూయీ లాపీక్ 1909లో పెట్టిన మాట. స్పర్శ పోగులకి ఈ సమయం మిల్లీ సెకనులో చిన్న వంతే. సీ పోగులకి మిల్లీ సెకను దాటుతుంది.

పొట్టి పల్స్ పెడితే లావు పోగులకీ సన్న పోగులకీ మధ్య ఎడం పెరుగుతుంది. నొప్పి పోగుల్ని ముట్టుకోకుండా స్పర్శ పోగుల్ని లేపడానికి వీలవుతుంది. కొత్త పేషెంట్ భయపడుతుంటే నేను ముందు విడ్త్ తగ్గించి మొదలుపెడతాను.

రాత్రిబడి
ఇవన్నీ చదువుతుంటే ఒకటి అడగాలనిపించింది. ఛార్జింగ్ పెట్టిన మెటల్ ల్యాప్‌టాప్ మీద వేలు మెల్లగా రాస్తే గరగరలాడుతుంది. ఇది కూడా స్పర్శ పోగులు లేవడమేనా? మా తమ్ముడు అది ల్యాప్‌టాప్ గురక పెట్టడం అంటాడు.

వోల్టు_వీరుడు
అది లీకేజ్. ఎర్త్ పిన్ లేని ఛార్జర్‌లో కెపాసిటర్ గుండా కొద్దిపాటి ఏసీ బాడీకి వస్తుంది. మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతు. మెయిన్స్ ఏసీ చేతికి తెలియాలంటే సుమారు ఒక మిల్లీ ఆంపియర్ కావాలని చార్లెస్ డాల్జీల్ కొలిచాడు, డీసీ అయితే సుమారు ఐదు. కానీ తాకే చోటు చిన్నదైతే అంతకంటే తక్కువకే తెలుస్తుంది. నరాల_నోట్‌బుక్ చెప్పినట్టు నేరుగా నరాన్ని లేపడమే.

నరాల_నోట్‌బుక్
వీరుడు గారితో సగమే ఒప్పుకుంటాను. రాత్రిబడి, ఒక చిన్న పరీక్ష చెయ్యి. వేలు కదపకుండా ఊరికే ఆనించి ఉంచు. గరగర ఆగిపోయిందా? ఆగిపోతే లేచింది నరం కాదు, అక్కడ నిజంగానే చర్మం వణుకుతోంది. ఎండు చర్మం పైపొర ఇన్సులేటర్, అటు మెటల్, ఇటు లోపలి తడి కణజాలం. వోల్టేజ్ పెరిగి తగ్గుతున్నప్పుడల్లా వేలు ఉపరితలానికి అతుక్కుని వదులుతుంది. వేలు జరుగుతుంటే ఆ రాపిడి సెకనుకి ఎన్నోసార్లు మారుతుంది. రిసెప్టర్లు దాన్ని మామూలు వైబ్రేషన్‌లాగే పట్టుకుంటాయి. 1953లో ఎడ్వర్డ్ మాలిన్‌క్రాట్, ఇంకొందరూ దీన్ని రాశారు. ఒక ఇత్తడి లైట్ సాకెట్‌ని తాకితే బల్బు వెలిగినప్పుడు ఒకలా, ఆరినప్పుడు ఒకలా అనిపించడంతో మొదలైందట.

అదే ల్యాప్‌టాప్ అంచుకో స్క్రూకో ముంజేతి లోపలి భాగం తగిలి, కదలకపోయినా సూదిలా గుచ్చితే అప్పుడు వీరుడు గారు చెప్పింది కరెక్ట్. అది నరం.

రాత్రిబడి
ఇప్పుడే చూశాను. వేలు ఆపితే సున్నా, కదిపితే గరగర! మణికట్టు అంచుకి తగిలితే కదలకపోయినా చిటుకుమంది. రెండూ వేరే వేరే అని ఇన్నాళ్ళూ తెలియలేదు.

వోల్టు_వీరుడు
ఆ పరీక్ష బాగుంది. నేనూ చేసి చూస్తా.

పాత_పుస్తకం
నాలుక మీద బ్యాటరీ సంగతి ఎవరూ తీయలేదేంటి? 18వ శతాబ్దం మధ్యలోనే సుల్జర్ అనే ఆయన సీసం ముక్క, వెండి ముక్క అంచులు కలిపి నాలుక మీద పెట్టుకుంటే విడివిడిగా లేని ఒక రుచి వచ్చిందని రాశాడు. వోల్టా 1800లో తన బ్యాటరీ తీగల్ని చెవుల్లో పెట్టుకున్నాడు. తలలో కుదుపు, తర్వాత ఏదో ఉడుకుతున్నట్టు బుడబుడ శబ్దం. భయపడి మళ్ళీ ఎక్కువ చేయలేదు. కంటి దగ్గర పెడితే మెరుపు కనిపిస్తుంది. కరెంట్ ఒకటే, నాలుకకి రుచి, చెవికి శబ్దం, కంటికి వెలుగు.

19వ శతాబ్దంలో యోహన్నెస్ మ్యుల్లర్ దీన్నే సిద్ధాంతం చేశాడు. నరాన్ని దేనితో లేపినా అది తన పని తాను చెప్తుంది అన్నాడు. అలాగైతే నోట్‌బుక్ గారూ, స్పర్శ నరాన్ని లేపితే స్పర్శే తెలియాలి కదా. జివ్వుమనడానికి పోగులన్నీ కలిసి లేవడమే కారణం అని మీరెలా అంత గట్టిగా చెప్తున్నారు?

నరాల_నోట్‌బుక్
ఒక్క పోగుని విడిగా లేపి చూశారు కాబట్టి.

1960ల్లో స్వీడన్‌లోని ఉప్సాలాలో హాగ్‌బార్త్, వాల్బో మెలకువగా ఉన్న మనిషి చేతి నరంలోకి టంగ్‌స్టన్ సూది దించే పద్ధతి కనిపెట్టారు. ముందుగా ఆ సూదిని తమ నరాల్లోనే గుచ్చుకుని ప్రాక్టీస్ చేశారు. సూది కొస కొన్ని మైక్రాన్లే. అది ఒక పోగు పక్కన కుదిరాక, ఆ పోగు అరచేతిలో ఏ చుక్కని చూసుకుంటోందో సన్నటి దారంతో తాకుతూ వెతుకుతారు. తర్వాత అదే సూది గుండా అతి కొద్ది కరెంట్ పంపుతారు. 1983లో ఓచోవా, టొరెబ్యోర్క్ ఈ పని చేసి, ఏం తెలిసిందో మనుషుల్నే అడిగారు.

రిసెప్టర్లలో మైస్నర్ అనే రకం పోగైతే, ఒక్క పల్స్‌కి ఆ చుక్క దగ్గర ఒక్కసారి తట్టినట్టు. పల్సులు వరసగా పంపితే టపటపలాడినట్టు. మెర్కెల్ పోగైతే ఎవరో ఆగకుండా నొక్కిపట్టినట్టు, హెర్ట్జ్ పెంచితే నొక్కుడు పెరిగినట్టు. పసీనియన్ పోగైతే వైబ్రేషన్. ఎక్కడా జివ్వుమనడం లేదు! అన్నీ శుభ్రమైన మామూలు స్పర్శలే. సూది కాస్త కదిలి పక్క పోగులు కూడా కలిశాయంటే అప్పుడు తిమ్మిరి మొదలవుతుంది. ఇంకో వింత ఏంటంటే, చర్మం సాగడాన్ని పట్టుకునే ఒక రకం పోగుని ఒక్కదాన్నే లేపితే మనిషికి ఏమీ తెలియలేదు. సంకేతం వెళ్తూనే ఉంది, అనుభూతి మాత్రం లేదు.

పాత_పుస్తకం
ఇది అద్భుతంగా ఉంది. కానీ దీని మీద అప్పుడే గొడవ జరిగింది. నొప్పి మీద పనిచేసిన ప్యాట్రిక్ వాల్, మెక్‌మాన్ 1985లో గట్టిగా విమర్శించారు. సూది కొస దగ్గర నిజంగా ఒక్క పోగే లేచిందని ఎలా తేలుస్తారు, పక్కవి కూడా లేచి ఉండొచ్చు కదా అని.

నరాల_నోట్‌బుక్
అవును, ప్రశ్న సరైనదే. కానీ అనుభూతి వచ్చిన చుక్క, రికార్డ్ చేసినప్పుడు ఆ పోగు చూసుకుంటున్న చుక్క ఒకే చోట కలుస్తున్నాయి. రకాన్ని బట్టి అనుభూతి కూడా మారుతోంది. తర్వాత వేరే ల్యాబ్‌లూ అదే చూశాయి. నా మొగ్గు అటే.

మోకాళ్ళ_పేచీ
నా మొదటి ప్రశ్న మర్చిపోకండి. పోగులు అలసిపోయి ఆగిపోతున్నాయా?

ఫిజియో_పిన్ని
ఎక్కువగా కాదు. మీ మెషిన్ 100 హెర్ట్జ్ మీద పెట్టినా, పల్స్‌కీ పల్స్‌కీ మధ్య 10 మిల్లీ సెకన్లుంటుంది. పోగు ఒకసారి లేచాక పూర్తి విశ్రాంతి తీసుకునేది సుమారు ఒక మిల్లీ సెకనే. మధ్యలో బోలెడంత ఖాళీ. స్పర్శ పోగులు ఆ వేగాన్ని తేలిగ్గా తట్టుకుంటాయి. తగ్గేది వెన్నుపాములోనూ మెదడులోనూ. ఏ మార్పూ లేకుండా ఒకేలా వచ్చే సంకేతాన్ని అవి పట్టించుకోవడం మానేస్తాయి. అందుకే చాలా మెషిన్లలో మాడ్యులేషన్ మోడ్ ఉంటుంది. హెర్ట్జ్, విడ్త్ కాసేపు పెంచుతూ కాసేపు తగ్గిస్తూ ఉంటుంది. అమ్మకి అది పెట్టి చూడండి, నాబ్ అస్తమానం తిప్పక్కర్లేదు.

ఒక్కోసారి ప్యాడ్ కూడా కారణం. జెల్ ఎండినా, ప్యాడ్ అంచు లేచినా కరెంట్ సరిగ్గా చేరదు. తెలియట్లేదని నాబ్ పెంచి, అప్పుడు ప్యాడ్ మీద చెయ్యి నొక్కితే ఒక్కసారిగా షాక్ కొట్టినట్టవుతుంది. ముందు సున్నాకి తెచ్చి, ప్యాడ్ సరిచేసి, మళ్ళీ మొదటి నుంచి పెంచండి.

మెలిక
ఒక్క నిమిషం. ఇంత శాస్త్రం చెప్తున్నారు సరే, టెన్స్‌తో నొప్పి తగ్గుతుందనేదే నాకు నమ్మకం లేదు. నడుముకి నెలల తరబడి పెట్టించుకున్నాను. పెట్టినంతసేపు హాయి, తీయగానే మామూలే. కరెంట్ జివ్వుమంటుంటే మనసు అటు మళ్ళుతుంది, అంతేగా?

పాత_పుస్తకం
@మెలిక, పెట్టినంతసేపు హాయి అన్నారు చూడండి, సిద్ధాంతం చెప్పేదీ అదే. 1965లో రొనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ గేట్ కంట్రోల్ సిద్ధాంతం రాశారు. లావు స్పర్శ పోగుల నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాల్ని అణుస్తాయని. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకునేది అందుకే. రెండేళ్ళకి వాల్, విలియం స్వీట్ కలిసి దాన్ని కరెంట్‌తో పరీక్షించారు. ముందు తమ ముఖంలోని నరం మీదే చేసి చూసుకుని, తర్వాత ఏళ్ళ తరబడి నొప్పితో ఉన్న పేషెంట్ల మీద చేశారు. కొందరికి ఉపశమనం వచ్చింది, ఆపాక కూడా కొంతసేపు ఉంది.

ఫిజియో_పిన్ని
మెలిక గారి మాటలో న్యాయం ఉంది. టెన్స్ నొప్పికి కారణాన్ని నయం చేయదు. నొప్పి తగ్గినంతసేపు నాలుగడుగులు నడిపించడానికి, వ్యాయామం చేయించడానికి నాకు పనికొస్తుంది. ఒట్టి ప్యాడ్లు పెట్టి పంపేస్తే దాని వల్ల ఒరిగేది తక్కువ.

మనసు మళ్ళడం ఒక్కటే మాత్రం కాదు. 2 నుంచి 4 హెర్ట్జ్‌లో, కండరం ఎగిరేంత గట్టిగా పెట్టే పద్ధతి ఒకటుంది. మార్ఫిన్ లాంటి పదార్థాల పనిని అడ్డుకునే నలోక్సోన్ మందు ఇస్తే ఆ పద్ధతితో వచ్చే ఉపశమనం తగ్గిపోతుందని 1970ల చివర్లోనే చూశారు. అంటే ఒంట్లోనే తయారయ్యే నొప్పి తగ్గించే పదార్థాల పాత్ర ఉందన్నమాట. మనసు మళ్ళడమే అయితే ఆ మందుకి అక్కడ పనేముంది?

మెలిక
నలోక్సోన్ సంగతి కొత్తగా విన్నాను. అయినా నా నడుముకి వ్యాయామంతోనే తగ్గింది, అది మాత్రం చెప్తాను.

ఫిజియో_పిన్ని
అదే కావాలి. మానేయకండి.

అరికాలి_మంట
పై పోస్టుల్లో మోకాళ్ళ_పేచీ వాళ్ళ అమ్మగారి పాదాల గురించి చదివి రాస్తున్నాను. నాకూ అరికాళ్ళు మంటలు. రాత్రిళ్ళు దుప్పటి తగిలినా భరించలేను. నరాల టెస్ట్ చేశారు. చీలమండ వెనక చిన్న చిన్న షాకులిచ్చి కంప్యూటర్‌లో గీతలు చూశారు. రిపోర్ట్ నార్మల్. "నరాలు బాగున్నాయి, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. నిద్ర లేక నేను ఏడుస్తుంటే నాకున్నది టెన్షనా?

నరాల_నోట్‌బుక్
కాదండీ. రిపోర్ట్ నార్మల్ అయినంత మాత్రాన మీ మంట అబద్ధం అయిపోదు. ఆ టెస్ట్ ఏం చూడగలదో, ఏం చూడలేదో తెలియాలి.

మీకు షాక్ ఇచ్చినప్పుడు పోగులన్నీ కలిసి లేచి, వాటి సంకేతాలు ఎలక్ట్రోడ్ దగ్గరికి ఒకేసారి చేరితేనే తెర మీద కొండలా కనిపిస్తుంది. సెన్సరీ నరంలో ఆ కొండ ఎత్తు కొన్ని మైక్రోవోల్టుల నుంచి కొన్ని పదుల మైక్రోవోల్టుల దాకా మాత్రమే. లావు పోగులు వేగంగా, దాదాపు కలిసి చేరతాయి కాబట్టి కొండ వాటిదే. సీ పోగుల సంకేతాలు చిన్నవి, నెమ్మది, తలో సమయానికి చేరతాయి. మామూలు టెస్ట్‌లో కనిపించనే కనిపించవు. సన్న ఏ-డెల్టా పోగులదీ అదే పరిస్థితి. మంట పుట్టేది ఈ సన్న పోగుల్లోనే. లావు పోగులు బాగుండి సన్నవి మాత్రమే దెబ్బతింటే రిపోర్ట్ నార్మల్ వస్తుంది, మనిషికి మాత్రం నిద్ర ఉండదు. దీన్ని స్మాల్ ఫైబర్ న్యూరోపతీ అంటారు. షుగర్‌లో ఇది మొదటి దశల్లోనే రావచ్చు. నరాల డాక్టర్‌ని ఈ పేరుతోనే అడగండి. వేడి, చల్లదనం ఎంత తేడా తెలుస్తోందో చూసే పరీక్ష ఉంది. చీలమండ పైన 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి అందులో సన్న నరాల కొసలు లెక్కపెట్టే బయాప్సీ ఉంది. బీ12 కూడా చూస్తారు.

ఫిజియో_పిన్ని
ఇంకొకటి. ఆ టెస్ట్‌కి వెళ్ళినప్పుడు కాళ్ళు చల్లగా ఉంటే చెప్పండి, వెచ్చబెట్టాకే చేయాలి. చర్మం ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ వేగం సెకనుకి సుమారు 2 మీటర్లు పడిపోతుంది. బాగున్న నరం కూడా రిపోర్ట్‌లో నెమ్మదిగా కనిపిస్తుంది.

అరికాలి_మంట
ఈ సంగతి ఎవరైనా నాకు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. పేరు రాసుకున్నాను. అడుగుతాను.

మోకాళ్ళ_పేచీ
@అరికాలి_మంట, అమ్మకీ ఇదే అడుగుతాను. ఏం చెప్పారో ఇక్కడ రాయండి, నేనూ రాస్తాను.

చెవిలో_తీగ
నేను మామూలుగా చదివి వెళ్ళిపోతాను, వోల్టా చెవుల సంగతి చూసి ఆగలేకపోయాను. నాకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. పెద్దయ్యాక వినికిడి పోయింది. లోపలి చెవిలోకి సన్నటి తీగ దించి, దాని మీదున్న ఎలక్ట్రోడ్లతో వినికిడి నరాన్ని నేరుగా కరెంట్‌తో లేపుతారు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మనిషి గొంతు గొంతులా లేదు. టిక్కులు, ఈలలు, మా ఆవిడ మాట్లాడుతుంటే ఏదో యంత్రం కీచుమంటున్నట్టు. ఇదా నాకు మిగిలింది అని చాలా బాధపడ్డాను. రోజూ వింటూ, చదువుతూ వింటూ ఉంటే ఆ కీచుమనడమే నెమ్మదిగా మాటలైంది. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడుతున్నాను.

నోట్‌బుక్ గారు పోగులన్నీ కలిసి లేస్తాయని రాశారే, దాన్ని నేను చెవితో విన్నాను. అసలు చెవిలో వేల పోగులు. నాకు 22 ఎలక్ట్రోడ్లు. ఒక్కో దాని కింద ఉన్నవన్నీ కలిసే లేస్తాయి.

పాత_పుస్తకం
మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. 1957లో ఫ్రాన్స్‌లో జూర్నో, ఏరియేస్ మొదటిసారి మనిషి వినికిడి నరం దగ్గర ఎలక్ట్రోడ్ పెట్టినప్పుడు ఆ పేషెంట్‌కి కీచురాళ్ళ లాంటి శబ్దమే వినిపించింది. కొన్ని చిన్న మాటలు గుర్తుపట్టగలిగాడు, అంతవరకే. అక్కడి నుంచి ఫోన్ దాకా వచ్చింది.

నరాల_నోట్‌బుక్
చెవిలో_తీగ గారూ, కృత్రిమ చేతుల మీద పనిచేసేవాళ్ళు కూడా ఇప్పుడు దీనితోనే తంటాలు పడుతున్నారు. తెగిన చేతి నరం చుట్టూ ఎలక్ట్రోడ్లు పెట్టి ఒకే వేగంతో పల్సులిస్తే తిమ్మిరి. నిజంగా వస్తువు తాకినప్పుడు పోగులు పంపే వరసనే అనుకరించి ఇస్తే, అంటే తాకగానే జోరుగా, పట్టుకుని ఉన్నంతసేపు తక్కువగా, వదిలేటప్పుడు మళ్ళీ జోరుగా ఇస్తే, అది స్పర్శకి దగ్గరగా ఉందని చెప్తున్నారు.

వోల్టు_వీరుడు
మొదట్లో నేను అన్న యాంప్లిఫయర్ మాట పక్కన పెట్టి ఒకటి అడుగుతాను. అరికాలి_మంట గారి సీ పోగుల్ని మాత్రమే కరెంట్‌తో లేపి పరీక్షించే దారి లేదా? లావు పోగులు ఎప్పుడూ ముందే లేస్తాయి కాబట్టి కుదరదా?

నరాల_నోట్‌బుక్
మంచి ప్రశ్న. రెండు దారులున్నాయి. ఒకటి చోటుని బట్టి. నొప్పి కొసలు చర్మం పైపొర దాకా వస్తాయి, లావు పోగుల్లో చాలావరకు కింద ఆగిపోతాయి. చుట్టూ రింగు, మధ్యలో చిన్న కొస ఉన్న ఎలక్ట్రోడ్‌తో కరెంట్‌ని పైపైనే ఉంచితే కొద్ది కరెంట్‌తోనే ఎక్కువగా ఏ-డెల్టా లేస్తాయి, గుచ్చినట్టుంటుంది. కరెంట్ పెంచితే లోతుకి వెళ్ళి లావు పోగులూ కలుస్తాయి, ఇక పనికిరాదు.

రెండోది సమయాన్ని బట్టి. కరెంట్‌ని ఒక్కసారిగా కాకుండా మెల్లగా పెంచితే లావు పోగుల సోడియం ఛానెళ్ళు తెరుచుకునేలోపే మూసుకుపోతాయి, పోగు లేవదు. సీ పోగులు అంత తొందరగా మూగబోవు. అందుకే సెకనుకి నాలుగైదు సార్లు మాత్రమే మెల్లగా పెరిగి తగ్గే సైన్ వేవ్ ఇస్తే సీ పోగులు బాగా లేస్తాయి, మనిషికి మంటగా తెలుస్తుంది. 5, 250, 2000 హెర్ట్జ్ సైన్ వేవ్‌లతో మూడు రకాల పోగుల్నీ విడివిడిగా చూస్తామనే మెషిన్లు ఉన్నాయి. అంత కచ్చితంగా విడదీస్తాయా అన్నదాని మీద వాదన ఉంది. వేవ్ మెల్లగా ఉంటే సన్న పోగుల వాటా పెరుగుతుంది, అంతవరకు నమ్మొచ్చు.

వోల్టు_వీరుడు
అంటే పొట్టి చదరపు పల్స్ లావు వాటికి, నిదానమైన సైన్ సన్న వాటికి. రకరకాల వేవ్‌లు పుట్టించే ఫంక్షన్ జనరేటర్ నా బల్ల మీదే ఉంది, చెయ్యి దురద పెడుతోంది.

ఫిజియో_పిన్ని
దాన్ని ఒంటికి తగిలించకండి! మెయిన్స్‌కి కలిసిన పరికరం అది. కరెంట్‌కి హద్దు పెట్టి, మెయిన్స్ నుంచి పూర్తిగా విడగొట్టిన సర్క్యూట్ ఉంటేనే మనిషికి కలుపుతారు. రెండు చేతులకీ తగిలిస్తే దారి గుండె మీదుగా పోతుంది. ఆసిలోస్కోప్‌లో చూసుకోండి, వేవ్ అక్కడా అలాగే ఉంటుంది.

వోల్టు_వీరుడు
సరే పిన్నిగారూ, స్కోప్‌లోనే చూస్తాను.